విజయ్ పాల్ కొనుక్కున్న బండి

ఏరా అబ్బాయ్, అంత గర్వంగా దిగుతున్నావు, నీ బండి వస్తున్నట్టు రెండు వీధుల అవతలి నుంచే తెలిసింది. చైను అలా ఏడుస్తోంది పాపం. దానికి ఇంత నూనె చుక్క వెయ్యడానికి బద్ధకం, మాటకొస్తే బండ్ల గురించి నాకే పాఠం చెబుతావు. కూర్చో. మీ అత్తయ్య టీ పెట్టేలోపు మన భీమరాజు చైను సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వు. నవ్వు మధ్యలో ఆగిపోతే మాత్రం నా పూచీ లేదు.

భీమరాజు పేరులో భీముడున్నాడు గానీ మనిషి అరటాకు ఈనెలా ఉంటాడు. రావులపాలేనికి కాస్త ఇవతల కాలువ గట్టు మీద ఇల్లు, ఇంటి వెనక అరటి తోట, ఒంట్లో సుగరు జబ్బు, వాకిట్లో ఒక పాత వంద సీసీ బండి. ఈ నాలుగింట్లోనూ ఆయన రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడిచేది బండినొక్కదాన్నే. సుగరు సంగతి అడిగితే, దాని మానాన అది ఉంది, నా మానాన నేనున్నాను అనేవాడు.

ఆయన భార్య పేరు చిన్నమ్మాయి. యాభై దాటినా ఆ పేరే. ఆ ఇంట్లో పెద్దరికం చేసేది కూడా ఆవిడే.

కిందటేడు వేసవిలో ఒక మధ్యాహ్నం భీమరాజు మార్కెట్ నుంచి వచ్చి, బండికి స్టాండేసి, గుమ్మంలోనే ముక్కెగబీల్చి, ఏం మాడబెట్టావే అని భార్యని అడిగాడు. పొయ్యి మీద ఏమీ లేదని ఆవిడ చెప్పింది. ఆయన నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి ఒక్కో గిన్నె మూతా తీసి చూశాడు. ఆయన వంటింట్లోకి వెళ్తే వాసన వంటింట్లోకి వెళ్ళింది. పెరట్లోకి వెళ్తే పెరట్లోకి వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా వంట చేస్తున్నావు, ఇంకా చెయ్యి తిరగలేదని ఆవిడ వంటకి పేర్లు పెడుతుండగా చిన్నమ్మాయి కిందకి చూసింది.

ఆయన కుడి చెప్పు కరిగి కాలికి అంటుకుపోయి ఉంది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ నల్లగా మాడిపోయాయి. దారి పొడుగునా కాలు సైలెన్సరుకి ఆనించుకుని వచ్చాడు. చీమ కుట్టినట్టయినా తెలీలేదు. పాదాల్లో ఉండాల్సిన స్పర్శని సుగరు ఎప్పుడో తినేసింది.

రాజమండ్రిలో డాక్టరుగారు ఆ రెండు వేళ్ళూ తీసేశారు. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరితో భీమరాజు, పోయినవి రెండేనండి, చేతివీ కాళ్ళవీ కలిపితే ఇంకా పద్దెనిమిదున్నాయి అని జోకులేశాడు. వచ్చినవాళ్ళు పళ్ళూ బత్తాయిలూ ఇచ్చి నవ్వి వెళ్ళారు. పళ్ళు తినకూడదని చిన్నమ్మాయి వాటిని నర్సులకి పంచేసింది. ఆవిడ ఒక్కతే నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ చెప్పింది ఒక్కటే. బండి అమ్మెయ్యాలి. బ్రేకు తొక్కేది ఆ కుడి కాలితోనే కదా, స్పర్శ లేని కాలికి ఏది బ్రేకో ఏది ఫుట్‌రెస్టో ఎలా తెలుస్తుంది అంది.

బండి పోతే భీమరాజుకి మిగిలేది అరుగు, పేపరు, మాత్రల డబ్బా. అలా అరుగెక్కి కూర్చున్నవాళ్ళని ఆ వీధిలోనే చూశాడు. పొద్దున్న పేపరు చదివి, సాయంత్రం దాకా మళ్ళీ అదే పేపరు చదివి, ఏడాది తిరక్కుండా ఆ పేపర్లోనే ఫొటో వేయించుకున్నవాళ్ళు. ఆ వరసలో చేరడానికి ఆయన సిద్ధంగా లేడు. అలాగని భార్యకి ఎదురు చెప్పనూ లేదు. ఎదురు చెప్పి గెలిచిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు మరి.

అందుకని, అలాగేనే, అమ్మేద్దాం అన్నాడు. కాకపోతే చైను సాగిపోయి వేలాడుతోంది, చైను తిరిగే పళ్ళ చక్రాలు రెండూ, ముందుదీ వెనకదీ, అరిగి పళ్ళు కొడవళ్ళలా వంగిపోయాయి, ఇలాంటి బండిని చూసి కొనేవాడు వెనక్కి పారిపోతాడు, ముందు మంచి చైను సెట్టు ఒకటి వేయించి అప్పుడు అమ్ముదాం అన్నాడు. చిన్నమ్మాయికి అది సబబుగానే తోచింది.

భీమరాజు ఎత్తు ఏంటంటే, మంచి చైను దొరికేదాకా బండి అమ్మకూడదు. మంచి చైను దొరకనివ్వకూడదు.

ఆ మర్నాటి నుంచి రావులపాలెంలో స్పేర్ పార్ట్స్ షాపాయనకి గడ్డుకాలం మొదలైంది. మొదటి చైను చేతిలోకి తీసుకుని తేలిగ్గా ఉందన్నాడు. రెండోది బరువుగా ఉందన్నాడు. మూడోది అన్నివిధాలా సరిగ్గా ఉంది, అందుకే అనుమానంగా ఉందన్నాడు. ఒక చక్రానికి పళ్ళు మరీ సూదిగా ఉన్నాయన్నాడు, ఇంకోదానికి మొద్దుగా ఉన్నాయన్నాడు. ఒక సెట్టుని వాసన చూసి పక్కన పెట్టేశాడు. కంపెనీది కావాలని పట్టుపట్టాడు. ఆ బండి చేయడం కంపెనీవాళ్ళు మానేసి చాలా ఏళ్ళయిందండి అని షాపాయన చెబితే, మళ్ళీ మొదలుపెడతారేమో ఓసారి కనుక్కోండి అన్నాడు.

కొన్నాళ్ళకి షాపాయన ఈయన్ని దూరం నుంచి చూడగానే భోజనానికి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు, పొద్దున్న తొమ్మిదింటికి కూడా. భీమరాజు రాజమండ్రి దాకా పోయి అక్కడ కూడా చూసొచ్చాడు. అక్కడి చైన్లలో గోదావరి తేమ ఎక్కువుందని చెప్పాడు ఇంటికొచ్చి.

చిన్నమ్మాయి ఓపిగ్గానే వింది. ఒక రోజు మాత్రం అన్నం వడ్డిస్తూ అంది.

"మన అమ్మాయికి సంబంధం చూడ్డానికి మీకు ఒక్క పూట పట్టింది. కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు సరేననేశారు."

"అల్లుడు తెగి రోడ్డు మధ్యలో పడిపోడే. చైను అలా కాదు."

"అల్లుడు ఎలాంటివాడో ఆరోజు మీకేం తెలుసు?"

"అందుకే ఈసారి జాగ్రత్త పడుతున్నాను."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది. రేపు సాయంత్రానికి చైను కుదరకపోతే ఎల్లుండి పాత ఇనపసామాన్ల వాడిని పిలుస్తాను, వాడికి చైనుతో పనిలేదు, తూకంతోనే పని అని చెప్పి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది. భీమరాజు మజ్జిగ కోసం ఆగకుండా చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు ఆయన మార్కెట్లో అరటి గెలల గుట్ట పక్కన కూర్చుని, చాలాసేపు ఆలోచించి, ఒక మనిషిని తయారుచేశాడు. ఆ మనిషి పేరు విజయ్ పాల్. ఊరు కోరుకొండ అవతల, ఎందుకంటే అటువైపు చిన్నమ్మాయికి చుట్టాలు లేరు. కాస్త జీడిమామిడి తోట ఇచ్చాడు. మంచివాడన్న పేరు కూడా ఇచ్చాడు. సాయంత్రం ఇంటికెళ్ళి, బండి అమ్ముడుపోయిందే అని చెప్పాడు. చైను సంగతి ఏంటని ఆవిడ అడిగితే, ఆయనే నచ్చింది వేయించుకుంటాడట, డబ్బు జీడిపంట చేతికొచ్చాక ఇస్తాడట, ఆయనకి చైన్ల గురించి నాకంటే బాగా తెలుసు అన్నాడు. అలాంటి మనిషి కూడా ఉన్నాడా అని ఆవిడ కాస్త ఆశ్చర్యపోయి ఊరుకుంది.

బండి వాకిట్లోంచి కదిలి రావులపాలెంలో జయపాల్ షెడ్డుకి చేరింది. జయపాల్ మెకానిక్కు. ఎవరేం చెప్పినా ఆయ్ అంటాడు. ఇంజను సీజైపోయిందని చెప్పినా ఆయ్ అనే అంటాడు. అలాంటి మర్యాదస్తుడు దొరకడం తన అదృష్టమనుకుని భీమరాజు గుట్టంతా ఆయనకి విప్పాడు. బండి ఇక్కడే ఉంటుంది, నేను రోజూ ఆటోలో వచ్చి దీన్ని తీసుకుని నాలుగు చుట్లు తిరిగి పెట్టేస్తాను, మా ఆవిడకి తెలియకూడదు అన్నాడు.

"ఆయ్" అన్నాడు జయపాల్.

ఇన్నాళ్ళూ ఏ చైనూ వద్దన్న భీమరాజు ఇప్పుడు సాయంత్రానికల్లా చైను పడిపోవాలన్నాడు. ఏ సెట్టు వెయ్యమంటారని జయపాల్ అడిగాడు. ముందు చక్రానికి పళ్ళు పెరిగితే బండికి పరుగు పెరుగుతుందట. వెనక చక్రానికి పెరిగితే లాగే బలం పెరిగి పరుగు తగ్గుతుందట. గెలలు కట్టుకుని తిరిగేవాళ్ళు వెనక పళ్ళు పెంచుకుంటారని చెప్పాడు. భీమరాజు ఆలోచించలేదు. ముందు పెంచు, వెనక తగ్గించు, గట్టు మీద ఎగిరిపోవాలి అన్నాడు.

"ఆయ్, అలాగేనండి."

తర్వాతి రోజు బండెక్కి గేరేసి ఆక్సిలేటరు తిప్పాడు. ఇంజను గొంతు చించుకుంది. బండి మాత్రం అత్తారింటికి బయల్దేరిన పెళ్ళికూతురిలా నడిచింది. ఇంకా తిప్పాడు. ఇంజను ఇంకా అరిచింది, పెళ్ళికూతురు నడక మారలేదు. గట్టు మీద సైకిళ్ళ మీద బడికి పోతున్న పిల్లలు దాటేశారు. ఒక గేదె దాటబోయి, పెద్దాయన కదా అని ఆగింది.

షెడ్డుకి తిరిగొచ్చి ఇదేంటని నిలదీస్తే, కొత్త చైనండి, సర్దుకోవాలండి అన్నాడు జయపాల్. పదిహేను రోజులు పోయాక అడిగితే, ఇంజనుకి వయసైందండి అన్నాడు. ఆ మాట అంటూ ఇంజను వైపు కాకుండా భీమరాజు వైపు చూశాడు. భీమరాజు ఇంక అడగలేదు. ఏదైతేనేం, చేతుల్లో హ్యాండిలుంది, కింద రోడ్డు కదులుతోంది. మొహానికి గాలి తగలకపోయినా తగిలినట్టు కళ్ళు చికిలించుకుని నడిపేవాడు.

బయట అంతా బాగానే ఉంది. చిక్కు ఇంట్లో వచ్చింది. చిన్నమ్మాయికి విజయ్ పాల్ మీద శ్రద్ధ పుట్టింది.

"ఆయన బండి ఎలా నడుపుతారండి?"

"చాలా నెమ్మది." అందులో అబద్ధం లేదు.

"పెళ్ళాం ఉందా?"

"ఉంది. ఏసమ్మ."

"పాపం, ఆవిడ."

"పాపమెందుకు?"

"బండి చప్పుడు వినపడేదాకా వీధి వైపే చూస్తూ ఉంటుంది కదండీ."

భీమరాజు దాహం లేకపోయినా చెంబెడు నీళ్ళు తాగాడు.

ఇంకో రోజు వయసెంతని అడిగింది. నా ఈడేనన్నాడు. సుగరుందా అంది. లేదన్నాడు గబుక్కున. తర్వాత, ఈ వయసులో సుగరు లేని మనిషంటే ఎవరు నమ్ముతారనిపించి, కొద్దిగా ఉందిలే అని సర్దాడు. ఆ కొద్దిగా దగ్గరే ఆయన కొంప మునిగింది.

మర్నాడు ఆటోకి బయల్దేరుతుంటే ఆవిడ ఒక క్యారేజీ చేతికిచ్చింది. బండి కొన్నాయన మార్కెట్‌కి వస్తాడన్నారుగా, ఇది ఆయనకి ఇవ్వండి అంది. షెడ్డులో విప్పి చూస్తే రాగిరొట్టె, ఉప్పు తగ్గించిన మెంతికూర, వెన్న తీసిన మజ్జిగ. ఇవే భీమరాజు కంచంలో వేస్తే కంచం పక్కకి తోసేసేవాడు. జయపాల్‌ని తినమంటే, ఆయ్, నాకు సుగరు లేదండి అన్నాడు. కాలవలో పారబోద్దామంటే అదీ కుదరలేదు. సాయంత్రం చిన్నమ్మాయి పరీక్ష పెట్టేది. ఇవాళ కూరలో కొత్తగా ఒకటేశాను, విజయ్ పాల్ గారు కనిపెట్టారా అని అడిగేది. తింటే తప్ప జవాబు దొరకదు. కాబట్టి విజయ్ పాల్ పేరు మీద భీమరాజు రోజూ మెంతికూర తిన్నాడు. నువ్వులపొడి వేసిందని ఒకసారి, మునగాకు కలిపిందని ఒకసారి కనిపెట్టాడు కూడా. మీ విజయ్ పాల్ గారి నాలికకి రుచి బాగా తెలుసండీ అని ఆవిడ మెచ్చుకుంది. భీమరాజుకి కాస్త అసూయ వేసింది.

తర్వాత బూట్లు వచ్చాయి. సుగరు ఉన్నవాళ్ళు వేసుకునే, మెత్తటి అడుగున్న నల్ల బూట్లు. అవి మొదట భీమరాజు కోసం కొనమని డాక్టరుగారు చెప్పినవే. ముసలాళ్ళ బూట్లు, నేను చచ్చినా వేసుకోను అన్నాడప్పుడు.

"ఆయనకి మీ కాలంతే ఉంటుంది కదండీ?"

"అచ్చం అంతే" అన్నాడు భీమరాజు, ఆలోచించకుండా.

కొత్త బూట్లు ఊరికే పడెయ్యడం ఎందుకని షెడ్డుకి రాగానే చెప్పులు విడిచి అవి తొడుక్కునేవాడు. రోజూ అద్దంలో పాదం అడుగు చూసుకోమని చెప్పండి, ఎక్కడైనా ఎర్రబడితే ఏసమ్మకి దాచకుండా చెప్పమనండి అని ఆవిడ ఇంకో కబురు పంపింది. అదీ చేశాడు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, బండి సైడు అద్దం తిప్పుకుని, అందులో పాదం చూసుకుంటున్న భీమరాజుని చూసి రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. బండికి జరగాల్సిన సర్వీసు ఆయనకి జరిగేది.

నెల తిరిగేసరికి సుగరు తగ్గింది. తినేది విజయ్ పాల్, తగ్గేది తనకి. ఇదేదో తన తెలివికి దక్కిన బోనసు అనుకున్నాడు. భూమ్మీద లేని మనిషికి పెళ్ళాం చేత రోజూ వండిస్తున్నాను, నాలాంటివాడు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాడా అని బండి మీద ఒక్కడే నవ్వుకునేవాడు.

అలా నవ్వుకుంటూ పోతున్న ఒక రోజు, గట్టు మీద మలుపు తిరగ్గానే ఎదర గెలల ఆటో ఒకటి ఆగి ఉంది. ఒక పక్క కాలువ నిండుగా పోతోంది. భీమరాజు అలవాటుగా కాలి బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. ఆగలేదు. ఒంట్లో ఉన్న బరువంతా ఆ కాలి మీద పెట్టి తొక్కాడు. బండి తనకలవాటైన నడకలోనే తాపీగా వెళ్ళి, ఆటో వెనక వేలాడుతున్న గెలల్లో మొహం పెట్టి ఆగిపోయింది. దానితోపాటు భీమరాజు కూడా గెలల్లో మొహం పెట్టాడు.

గెలలు సర్దుతున్న కూలీ ఒకాయన వచ్చి ఆయన్ని బయటికి లాగి, కాలి వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"రాజుగారండి, మీరు తొక్కుతోంది బ్రేకు కాదండి."

భీమరాజు కిందకి చూశాడు. కాలు ఫుట్‌రెస్టు మీద ఉంది. ఇంకా తొక్కుతూనే ఉంది. తొడ వణుకుతోంది. బ్రేకు మీదున్నానని కాలు చెప్పింది, అవునని బుర్ర నమ్మింది. బ్రేకు మాత్రం జానెడు దూరంలో, ఎవరూ తాకకుండా అలాగే ఉంది.

బండి పరిగెత్తే రోజుల్లో అయితే ఏమయ్యేదో ఎవరూ చెప్పక్కర్లేదు. మలుపులో ఆటోని తప్పించబోయి కాలవలో పడినవాళ్ళని సాయంత్రానికి కింద లాకుల దగ్గర గుర్రపుడెక్కలోంచి తీస్తారు. అలా తీస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన జనంలో ఆయనా ఉన్నాడు, చాలాసార్లు.

గెలల్లో కుడి బూటు ఊడి ఎక్కడో పడిపోయింది. వెతికే ఓపిక లేక, ఒంటి బూటుతోనే బండి తోసుకుంటూ షెడ్డు దాకా వచ్చాడు. దారిలో ఆ కాలి కింద ఏం పడిందో, ఏం గుచ్చుకుందో ఆయనకి తెలీదు. ఇన్నాళ్ళూ బండి పరిగెత్తడం లేదని జయపాల్‌ని తిట్టడానికి దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. చెప్పులేసుకుని, తాళం బల్ల మీద పెట్టి, ఆటో ఎక్కేశాడు.

ఆటోలో కూర్చుని ఒక నిర్ణయానికొచ్చాడు. ఇంక బండెక్కడు. ఎక్కనని ఇంట్లో చెప్పాలంటే ఇన్నాళ్ళూ ఎక్కానని చెప్పాలి. అది చెప్పే ధైర్యం లేదు. ఒక్కటే దారి. విజయ్ పాల్‌ని చంపెయ్యాలి.

చిన్నమ్మాయి వసారాలో కూర్చుని కందిపప్పు ఏరుతోంది. భీమరాజు గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఆవిడ ఎదురుగా నిలబడి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. చావు కబురు చెప్పేవాళ్ళు అలా పట్టుకోవడం చూసి నేర్చుకున్నాడు.

"విజయ్ పాల్ పోయాడే."

ఆవిడ తలెత్తి ఆయన మొహం చూసింది. తర్వాత ఆయన వెనకాల నేల చూసింది. గుమ్మం నుంచి ఆయన నిలబడ్డ చోటు దాకా తెల్లటి పలకరాళ్ళ మీద ఒక్క కుడి పాదం అచ్చులు, ఎర్రగా, మూడేసి వేళ్ళతో వరసగా ఉన్నాయి. చేట పక్కన పెట్టింది.

"ఎలా పోయారండి?"

"గట్టు మీద. ఆటో అడ్డొచ్చింది. బ్రేకు అందలేదు."

"దెబ్బలు తగిలాయా?"

"ఒక్కటీ లేదు. చూస్తే నిద్రపోతున్నట్టే ఉన్నాడు."

"రక్తం?"

"చుక్క కూడా కారలేదే."

"ఇంకా కారుతోంది. కిందకి చూడండి."

భీమరాజు చూశాడు. తన కాలి కింద మడుగు కట్టి ఉంది. ఎవరిదో అన్నట్టు కాసేపు అలాగే చూశాడు. ఆవిడ ఆయన్ని కుర్చీలో కూలేసి, పాదం పైకెత్తి, అందులోంచి వేలెడు ఇనప ముక్క లాగింది. అప్పుడు కూడా ఆయనకేం తెలీలేదు. పాత పంచె చింపి బిగించి కట్టింది. కట్టడం అయ్యాక ఫోను తీసింది.

"జయపాల్, బండి తీసుకురా."

 ఏ బండే, అన్నాడు భీమరాజు.

"పోయినాయన బండి" అంది చిన్నమ్మాయి.

జయపాల్ వచ్చాడు. హెడ్‌లైటు నిండా అరటి జీడి జిగురుగా కారి ఉంది. భీమరాజు వైపు చూడలేక నేల వైపు చూస్తూ ఆయ్ అన్నాడు, ఎవరూ ఏమీ అడక్కుండానే. చిన్నమ్మాయి నాట్లేసే ఆడవాళ్ళలా చీర ఎగదోపి, బండెక్కి కూర్చుని, కిక్కు కొట్టి, క్లచ్చు పట్టి గేరేసింది. భీమరాజు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం మీరు ఇంటికెళ్ళి పడుకున్నాక అమ్మగారు రోజూ వచ్చి నేర్చుకున్నారండి అన్నాడు జయపాల్. మీరు బండి నా దగ్గర పెట్టిన రోజే, చైను వేయించుకునేది ఇక్కడేనని ఊహించి, కొన్నాయనెవరో చూద్దామని అమ్మగారు వచ్చారండి, ఎక్కడున్నారని అడిగారండి, నేను ఆయ్ అన్నానండి, అక్కడితో అంతా తెలిసిపోయిందండి అన్నాడు. చైను సెట్టు కూడా ఆవిడే షాపుకెళ్ళి తెచ్చారట. ముందుకి అన్నింటికంటే తక్కువ పళ్ళున్నది, వెనక్కి అన్నింటికంటే ఎక్కువ పళ్ళున్నది. పోగానే చేత్తో చూపించి ఇవేనన్నారట. ఒక్క నిమిషంలో బేరమైపోయినందుకు షాపాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

భీమరాజుకి అంత అవమానంలోనూ గుండె నిండింది.

"నేను ఎక్కడ పడిపోతానోననా?"

"కాదండి. నేర్చుకునేది నేను కదా. పరిగెత్తితే నాకు భయం." ఆవిడ హ్యాండిలు వైపే చూస్తూ అంది. "మీరెలాగూ ఆగరు. నెమ్మదైతే మీకూ మంచిదేననుకున్నాను."

ఇప్పుడీ వయసులో నువ్వు నేర్చుకోవడం ఎందుకే అని అడిగాడు. ఆవిడ ఇంజను ఆపకుండానే చెప్పింది.

"వేళ్ళు మాడిన రోజున మిమ్మల్ని పట్టుకుని ఈ గట్టు మీద నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం ఒక్క ఆటో రాలేదు. బండి వాకిట్లోనే ఉంది. నాకు రాదు. మళ్ళీ అలా నిలబడలేనండి."

"మళ్ళీ ఎందుకే? రెండు వేళ్ళతో సరిపోయిందన్నారుగా డాక్టరుగారు."

"మీతో వేళ్ళన్నారు. నాతో పాదం అన్నారు."

జయపాల్ ఈసారి ఆయ్ అనలేదు.

ఆ పాదానికి ఏడాది గడిస్తే గొప్ప, జాగ్రత్తగా చూసుకుంటే రెండేళ్ళు నిలబడొచ్చు అన్నారట. భీమరాజుగారు మీ మాట వినరు, ఎవరి మాట వింటారో చూసి వాళ్ళచేత చెప్పించండి అన్నారట. ఎవరి మాట వింటారా అని ఆవిడ వెతుకుతుంటే, భీమరాజే విజయ్ పాల్‌ని తెచ్చి చేతిలో పెట్టాడు. మెంతికూర విజయ్ పాల్‌కే, బూట్లు విజయ్ పాల్‌కే. ఊళ్ళో అందరికీ తెలుసు. షాపాయనకి తెలుసు. గెలలు సర్దే కూలీలకి తెలుసు. విజయ్ పాల్ ఎవరో, అతని కాలు ఎన్నాళ్ళుంటుందో తెలియనివాడు ఒక్క విజయ్ పాలే.

చూశావా, నీ నవ్వు ఆగింది. చెప్పాను కదా. ఇంకొంచెమే ఉంది, విను.

ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జయపాల్ ఆయన్ని ఎత్తి వెనక సీటు మీద కూర్చోబెట్టాడు. కట్టు కట్టిన కాలు సైలెన్సరుకి తగలకుండా మధ్యలో తడి గోనెపట్టా చుట్టాడు. నన్ను పట్టుకోండి అంది చిన్నమ్మాయి. పెళ్ళైన ఇన్నేళ్ళలో వెనక కూర్చుని పట్టుకున్నది ఎప్పుడూ ఆవిడే. భీమరాజుకి ఎక్కడ పట్టుకోవాలో తెలీక ముందు సీటు పట్టుకున్నాడు, తర్వాత భుజం పట్టుకున్నాడు.

బండి గట్టెక్కింది. ఇంజను గొంతు చించుకుంటోంది. పక్కన కాలువ నిండుగా, నల్లగా, మాట్లాడకుండా పోతోంది. పొద్దున్న ఆటో ఆగిన మలుపు రానే వచ్చింది. భీమరాజు కళ్ళు మూసుకున్నాడు. భుజం మీద చెయ్యి బిగిసింది.

"కొంచెం నెమ్మదిగా పోనివ్వవే" అన్నాడు.

"ఇంతకంటే నెమ్మదైన పళ్ళు ఆ షాపులో లేవండి" అంది చిన్నమ్మాయి.